ఏ పుస్తకము చదువవలెను?

సాహిత్యంలో కొత్తగా అడుగుపెట్టిన యువకులు రచయితలను తరచు అడిగే ప్రశ్న ఇది. దీనికి సాధారణంగా రెండు తీరుల సమాధానాలు వినవస్తున్నవి. గుర్తుకు వచ్చిన నూరు పేర్లు వరుసగా వల్లించడం ఒకటి. మిత్రుల గ్రంథాలు నాలుగింటిని ప్రశంసించి ఊరుకోవడం మరొకటి. మొదటిదానిలో ఎంపిక లేదు; రెండవదానిలో నిష్పక్షపాతం లేదు.

ఏర్చి కూర్చడం మనకు కొత్త విద్య కాదు. 15వ శతాబ్దంలో మడికి సింగన 'సకలనీతిసమ్మతము'ను సంధానించినాడు. పూర్వుల నీతిగ్రంథాలనుండి పద్యాలను ఏరి, విషయానుసారంగా అమర్చి, అవి ఏ గ్రంథాలలోనివో పేర్కొన్నాడు. 'ముద్రామాత్యము' వంటి కృతి నేడు సమగ్రంగా లభించకపోయినా, దాని తీరు మనకు కొంతైనా తెలియడం ఆయన ఎంపిక ఫలమే. పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరము' కూడ ఇట్లే ఎన్నో లుప్తకావ్యాల జాడలను నిలిపినది. ఎంపిక అంటే అభిరుచి ప్రకటన మాత్రమే కాదు. ఏది నిలువవలెనో నిర్ణయించే బాధ్యత.

ఈ బాధ్యతకు మరొక ముఖం పాఠకుడు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, తెలుగువానికి కొరతగా ఉన్న విషయాలేవో ముందు చూచుకొని, చరిత్రలను, జీవితచరిత్రలను, ప్రకృతిశాస్త్రాలను ప్రకటించినది. పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమని ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో సూత్రీకరించినారు. పుస్తకం సూచించే ప్రతివానికీ అది వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ చూతము. కందపద్యం నేర్వగోరే వాని చేతిలో మొదటనే 'అప్పకవీయము' పెడితే, అతడు ఛందస్సుకే నమస్కారం పెట్టి తొలగిపోవచ్చును. ముందు సుమతీశతకంలోని కందాలు చెవికి పట్టించి, పిమ్మట గణాలు చూపి, సందేహం పుట్టిననాడు అప్పకవిని చూడుమంటే, ఆ గ్రంథమే ఆప్తమౌతుంది. గ్రంథం ఒకటే, వరుస మారినది.

నేడు వేలకొలది పాత తెలుగు గ్రంథాలు అంతర్జాలంలో లభిస్తున్నవి. పూర్వం పుస్తకం దొరకకపోవడం కష్టం. ఇప్పుడు ఏది ముందో తెలియకపోవడం కష్టం. తెలుగునాటికి దూరంగా, అడుగుటకు పెద్దదిక్కు లేక చదువుకొనే యువకునికి మనమిచ్చే పట్టికయే గురువు. అందులో ఒక్క తప్పుదారి అతని ఉత్సాహాన్ని చంపవచ్చును.

కనుక నూరు పేర్లకంటె ఐదు చాలును. ప్రతిదాని పక్కన అది ఎవరికోసం, దేని తరువాత, ఎందుకు అన్న మూడు మాటలు వ్రాయవలెను. మనం చదువని గ్రంథాన్ని కేవలం దాని కీర్తిని బట్టి చేర్చరాదు. మిత్రుని గ్రంథమైతే ఆ మైత్రిని కూడ చెప్పవలెను. అట్టి చిన్న పట్టిక వ్రాయడం పెద్ద పట్టిక వ్రాయడంకంటె కష్టం. పాఠకునికి అక్కరకు వచ్చేది అదే.