కోళ్ల ఊపిరితిత్తులకు భారలోహాల ముప్పు - ముందు జాగ్రత్తే మేలు

రసాల మామిడికి ప్రసిద్ధి చెందిన నూజివీడు ప్రాంతంలో కోళ్ల పెంపకం కూడా అనేక కుటుంబాలకు జీవనాధారం. సీసం, కాడ్మియం వంటి భారలోహాలు కోళ్ల ఊపిరితిత్తులకు కలిగించే హాని పైకి కనిపించదు కనుక పెంపకందారులు ముందే మేల్కొనడం అవసరం.

కోడికి ఊపిరితిత్తులతో పాటు 9 గాలి సంచులు ఉంటాయి. గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో ప్రవహిస్తుంది. గాలికి, రక్తానికి మధ్య పొర అతి పలుచనిది. అందువల్ల ప్రాణవాయువుతో పాటు ధూళిలోని లోహ కణాలు కూడా లోతుకు చేరతాయి. మేత, నీటి ద్వారా ప్రవేశించిన లోహాలు రక్తం ద్వారా అక్కడికే చేరగలవు. అవి కణాల రక్షణశక్తిని క్షీణింపజేసి వాపును కలిగిస్తాయి. ఫలితంగా సూక్ష్మజీవుల దాడి సులభమవుతుంది.

నోరు తెరచి శ్వాసించడం, గురక, గుడ్ల దిగుబడి తగ్గడం కొక్కెర తెగులులోనూ కనిపిస్తాయి. కావున పరీక్ష చేయించకుండా యాంటీబయాటిక్ మందులు వాడరాదు. మరణించిన కోళ్లను గన్నవరంలోని పశువైద్య కళాశాల వంటి చోట్ల శవపరీక్ష చేయించడం శ్రేయస్కరం.

గృహావసర రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసే నిబంధన 2017లో అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగులను షెడ్లలో పొడిగా గీకరాదు. పాత బ్యాటరీలను సమీపంలో కాల్చరాదు. ఖనిజ మిశ్రమాన్ని, బోరు నీటిని పరీక్షించుకోవాలి.

కోళ్ల ఎరువు మామిడి తోటలకే చేరుతుంది. ఎరువు మట్టిలో కలిసిపోతుంది గాని లోహం నశించదు. షెడ్డులో పాటించే జాగ్రత్త తోటకు సైతం రక్ష.