సరుకు దించే డ్రైవరే బేరం కూడా తేవాలా?

వరంగల్ కాశిబుగ్గలో కొత్త కిరాణా కొట్టు తెరిస్తే, హోల్‌సేల్ యజమాని కంటే ముందు తెలిసేది ఆ వీధిలో సరుకు దించే ట్రాలీ ఆటో డ్రైవరుకే. ఆ కబురు యజమానికి చేరడం మంచిదే. కానీ డ్రైవరుకు ఇష్టముంటేనే, ప్రతిఫలంతోనే చేరాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పరిమితి పెట్టినప్పుడు, బండి నడిపిన సమయంతో పాటు అనుబంధ పనులనూ పనివేళల్లోనే లెక్కించింది. బేరం తేవడానికి వెచ్చించిన అరగంటకూ అదే న్యాయం వర్తించాలి. అమ్మకాల సంగతి ఇతనికేం తెలుసు అంటారు కొందరు. నిజమే, ధర, అరువు మాట్లాడాల్సింది అమ్మకాల మనిషే. డ్రైవరు ఫోన్ నంబరు తెస్తే చాలు. డెలివరీ మందగిస్తుందన్న భయమూ ఉంది. ఇన్ని కొత్త కొట్లు తేవాలని టార్గెట్ పెడితే మందగించక తప్పదు. పైగా మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ రోడ్డు రద్దీలో, ఆ ఆలస్యాన్ని పూడ్చుకునే తొందర ప్రాణాలకే ముప్పు. టార్గెట్ వద్దు, కొత్త కొట్టు మొదటి ఆర్డరిచ్చిన నెలలోనే డ్రైవరు వాటా అతని జీతంలో పడాలి.