గర్భసంచిని కాపాడే చిన్న టి

అడ్డంగా 32 మిల్లీమీటర్లు, నిలువుగా 32 మిల్లీమీటర్లు. మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన టి అక్షరం. నిలువు కాడ చుట్టూ సన్నటి సిలికాన్ తొడుగు, ఆ తొడుగులో 52 మిల్లీగ్రాముల మందు. రెండు మూడు బియ్యపు గింజల బరువుండే ఆ మందు, మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున, ఏళ్ల తరబడి ఊరుతూనే ఉంటుంది. గర్భసంచిలో అమర్చితే గర్భం రాకుండా చూస్తుంది, నెలసరి రక్తాన్ని బాగా తగ్గిస్తుంది, కొందరిలో పూర్తిగా ఆపేస్తుంది. డాక్టర్లు లెవోనార్జెస్ట్రెల్ ఐయూఎస్ అని రాస్తారు. మామూలు మాటల్లో హార్మోన్ లూప్. మిరెనా అన్న బ్రాండు పేరూ చాలామంది వినే ఉంటారు.

ఈ వస్తువు కథ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఎందుకు తీయించుకున్నారని అడిగితే దేశంలో సగం మందికి పైగా చెప్పిన కారణం ఒకటే: బహిష్టులో విపరీతంగా రక్తం పోవడం, నొప్పి. గర్భసంచి తీయించుకునే నాటికి వాళ్లలో చాలామందికి 35 ఏళ్లు కూడా నిండలేదు.

ఆ బాధ ఎలా ఉంటుందో చూడటానికి ఒక రైలెక్కుదాం. చెన్నై నుంచి అరక్కోణం వెళ్లే లోకల్ రైల్లో ఆవడి దాటాక తిరునిన్రవూరు వస్తుంది. తిరువళ్లూరు జిల్లాలోని ఈ దారి పొడుగునా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. ఇంకాస్త ముందున్న తిరుత్తణి అయితే 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రలోని చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తెల్లవారకముందే వంట ముగించి, తిరునిన్రవూరులో లోకల్ ఎక్కి, పట్టరవాక్కంలో దిగి అంబత్తూరు ఎస్టేట్‌లో కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషిని తలుచుకోండి. ఆమెకు నెలకు ఏడెనిమిది రోజులు గంటకో గుడ్డ తడుస్తుంటే ఆ రైలూ, ఆ మిషనూ, పని మధ్యలో లేవడానికి సూపర్‌వైజరు అనుమతీ అన్నీ గండాలే. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే వైద్యులు అధిక రక్తస్రావం అంటారు. నెలనెలా అలా పోతుంటే ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటుతాయి. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, ఎప్పుడూ నీరసం. ‘ఈ సంచి పీడ వదిలితే చాలు’ అని ఆమె అనడంలో తప్పేమీ లేదు. తప్పు, ఆమెకు ఇంకో దారి చూపించకపోవడంలో ఉంది.

ఈ దారి మొదలైన తీరు విచిత్రం. గర్భసంచిలో పెట్టే పరికరాలకు తొలినాళ్లలో ఉన్న చెడ్డపేరే రక్తస్రావం. 1920లలో బెర్లిన్ వైద్యుడు ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ వెండి తీగ ఉంగరాలు అమర్చాడు. 1960ల ఆరంభంలో అమెరికాలోని బఫెలో నగరంలో జాక్ లిప్స్ మెలికలు తిరిగిన ప్లాస్టిక్ లూప్ తయారుచేశాడు. భారత ప్రభుత్వం 1965లో దాన్ని జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. ఏడాది తిరిగేలోగా లక్షల మందికి అమర్చారు. అమర్చాక ఎలా ఉన్నావమ్మా అని అడిగే నాథుడు లేడు. అసలే రక్తహీనతతో ఉన్న ఆడవాళ్లకు బహిష్టు రెట్టింపై, కొందరికి లూప్ జారిపోయి, ఊళ్లల్లో భయం పాకింది. కార్యక్రమం చతికిలబడింది. ఆ భయం నానమ్మల నోట మిగిలే ఉంది. తరవాత చిలీ వైద్యుడు హైమే జిపర్, అమెరికన్ వైద్యుడు హోవర్డ్ టేటమ్ కలిసి ప్లాస్టిక్ టికి రాగి తీగ చుట్టి కాపర్-టి తెచ్చారు. గర్భం ఆపడంలో అది లూప్ కన్నా ఎంతో మెరుగు. రక్తం విషయంలో మాత్రం అదీ కొంత పెంచేదే.

హార్మోన్‌నే నేరుగా గర్భసంచిలో పెడితే? ఈ ఆలోచనకు ముందు ఒక చిన్న పరిశీలన జరగాల్సి వచ్చింది. 1960లలో అమెరికా నౌకాదళ వైద్యశాలలో పనిచేస్తున్న జూడా ఫోక్‌మన్ కొన్ని రసాయనాలు సిలికాన్ రబ్బరు గోడలోంచి నెమ్మదిగా, ఒకే వేగంతో బయటికి ఊరడం గమనించాడు. స్టీరాయిడ్ హార్మోన్లు కూడా అలాగే ఊరతాయని తేలింది. 1970 ప్రాంతంలో షికాగోలో ఆంటోనియో స్కొమేన్యా ప్రొజెస్టరాన్‌ను గర్భసంచిలోనే విడుదల చేసి చూశాడు. 1976లో ప్రొజెస్టాసర్ట్ అన్న పేరుతో అలాంటి పరికరం అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. అందులో 38 మిల్లీగ్రాముల ప్రొజెస్టరాన్, రోజుకు 65 మైక్రోగ్రాముల ఖర్చు. గడువు ఏడాదే. ఏటా మార్పించుకోవడం ఎవరికి కుదురుతుంది?

ఆ చిక్కు విప్పినవాడు ఫిన్లాండ్ వైద్యుడు తపాని లూక్కాయినెన్. న్యూయార్క్‌లోని పాపులేషన్ కౌన్సిల్ పరిశోధక బృందంతో కలిసి 1970లలో హెల్సింకీలో పనిచేశాడు. సహజ ప్రొజెస్టరాన్ బదులు, చాలా తక్కువ మోతాదుకే గట్టిగా పనిచేసే లెవోనార్జెస్ట్రెల్‌ను ఎంచుకున్నాడు. ఏళ్లకు సరిపడే మందు ఆ చిన్న కాడలో ఇమిడింది. తుర్కు నగరంలోని లేరాస్ కంపెనీ తయారుచేయగా 1990లో ఫిన్లాండ్‌లో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో 2000లో అనుమతి దొరికింది. గర్భనిరోధం కోసం పుట్టిన పరికరాన్ని అధిక రక్తస్రావానికి చికిత్సగా అక్కడ 2009లో గుర్తించారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. గర్భనిరోధానికి మొదట 5 ఏళ్లన్న గడువును 2022 నాటికి అమెరికాలో 8 ఏళ్లకు పెంచారు. మన దేశంలో ప్రభుత్వరంగ సంస్థ హెచ్ఎల్ఎల్ లైఫ్‌కేర్ ఇదే మందుతో ఎమిలీ అనే పరికరం తెచ్చింది.

ఇక అది లోపల ఏం చేస్తుందో చూద్దాం. ప్రతి నెలా ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ వచ్చి ఆ పొరను పిండం కోసం సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే రెండు హార్మోన్లూ పడిపోయి, పొర ఊడి రక్తంతో బయటికొస్తుంది. హార్మోన్ లూప్ ఉన్నప్పుడు కాడ నుంచి ఊరే మందు నేరుగా ఆ పొరకే తగులుతుంది. పొర మందమెక్కదు. పెరగని పొర ఊడేదేముంది? మూడు నుంచి ఆరు నెలల్లో రక్తస్రావం 80 శాతానికి పైగా తగ్గుతుంది. ఏడాది గడిచేసరికి అయిదుగురిలో ఒకరికి నెలసరి పూర్తిగా ఆగుతుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను రానివ్వదు. వాడిన 1000 మందిలో మొదటి ఏడాది గర్భం వచ్చేది ఇద్దరికే. మందు ఎక్కువగా గర్భసంచిలోనే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది తక్కువ. చాలామందిలో అండాశయాలు తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి.

అందుకే ‘చెడు రక్తం లోపలే గడ్డకట్టుకుపోతుందేమో వదినా’ అన్న భయానికి ఆధారం లేదు. నెలసరి రక్తం చెడు రక్తం కాదు, ఒంట్లో తిరిగే రక్తమే. అక్కడ నిల్వ ఉండేదేమీ లేదు, ఎందుకంటే తయారైందే లేదు. నెలనెలా రాకపోతే ఒళ్లు పాడవుతుందన్నదీ అలాంటిదే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే గర్భనిరోధక మాత్రల మాలా-ఎన్ షీటులో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఆ ఏడు రోజుల్లో వచ్చేది నిజమైన బహిష్టు కాదు, హార్మోన్ ఆపినందుకు వచ్చే రక్తం. 1950లలో మాత్రను రూపొందించినవాళ్లు స్త్రీలకు అలవాటైన నెలవారీ లయ చెదరకూడదని ఆ విరామం పెట్టారు. దానివల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదని బ్రిటన్‌లోని కుటుంబ నియంత్రణ వైద్యుల సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది.

నిజానికి నెలసరిని ఆపడం మనకు కొత్తేమీ కాదు. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండెక్కాలన్నా, ఇంట్లో పెళ్లి ముహూర్తం దగ్గరపడినా, మెడికల్ షాపులో అడిగి మింగే మాత్ర నోరెథిస్టిరాన్. 1951 అక్టోబరులో మెక్సికో నగరంలో లూయిస్ మిరామోంతెస్ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడి చేతుల్లో తయారైన మందు అది. లెవోనార్జెస్ట్రెల్ దానికి దగ్గరి చుట్టమే, ఒక్క కార్బన్ పరమాణువు ఎక్కువ. పండక్కి నాలుగు రోజులు నెలసరిని వాయిదా వేయడానికి జంకని ఇల్లు, రక్తం పోయి పాలిపోయిన కోడలికి అదే జాతి మందు గర్భసంచిలో పెడతామంటే హడలిపోతుంది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. వాయిదా కోసం వేసుకునే మాత్రలు గర్భాన్ని ఆపుతాయని నమ్ముకోకూడదు. డాక్టరును అడగకుండా వేసుకోనూ కూడదు, ముఖ్యంగా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు.

తెలుగు నేల మీద ఈ కథకు అడ్డం పడింది ‘ఆపరేషన్’. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం, తమిళనాడులో దాదాపు 58 శాతం ట్యూబులు కట్టించుకున్నవారే. ఇద్దరు పిల్లలు పుట్టగానే, పాతికేళ్లు దాటీ దాటకుండానే. అక్కడితో కుటుంబ నియంత్రణ నర్సుకు ఆమెతో పని తీరిపోతుంది. పదేళ్ల తరవాత రక్తస్రావంతో వస్తే, ఆపరేషన్ అయిపోయినదానికి లూప్ ఎందుకంటారు. గర్భనిరోధకం అన్న అలమారాలో పెట్టేసినందువల్ల అది చికిత్స కూడా అని ఎవరికీ గుర్తుకు రాదు. నేరుగా గర్భసంచి తీసేయడం దగ్గరికి వెళ్లిపోతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ శస్త్రచికిత్సలు ఎంత పెరిగాయంటే, చివరికి వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. గర్భసంచితో పాటు అండాశయాలూ పోతే 35 ఏళ్లకే ముట్లుడిగిన ఒళ్లవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఈ మాట సంతకానికి ముందు ఎంతమందికి చెబుతున్నారు? ట్యూబులు కట్టించుకున్న స్త్రీకి కూడా హార్మోన్ లూప్ పనికొస్తుంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ప్రధానంగా ఈ ఒక్క వాక్యం కోసమే.

ఫిన్లాండ్‌లోనే దీనికి గట్టి పరీక్ష పెట్టారు. అధిక రక్తస్రావంతో వచ్చిన 236 మందిలో కొందరికి గర్భసంచి తీశారు, కొందరికి హార్మోన్ లూప్ అమర్చారు. ఎవరికేదన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. అయిదేళ్లకు చూస్తే రెండు జట్లలోనూ జీవితం ఒకేలా మెరుగుపడింది. లూప్ జట్టులో 42 శాతం చివరికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. అంటే అది అందరికీ సరిపోలేదు. కానీ సగానికి పైగా స్త్రీలు గర్భసంచితోనే బాగుపడ్డారు, ఖర్చూ తక్కువైంది.

లోపాలు దాచకూడదు, 1965లో దాచినందుకే లూప్ పరువు పోయింది. అమర్చేటప్పుడు నొప్పి ఉంటుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా, వేళాపాళా లేకుండా రక్తం కనబడుతుంది. ముందే చెప్పకపోతే రెండో నెలలోనే తీయించేసుకుంటారు. అయిదేళ్లలో 100 మందిలో సుమారు అయిదుగురికి జారిపోతుంది. సుమారు 1000 మందిలో ఒకరికి అమర్చేటప్పుడు గర్భసంచికి రంధ్రం పడవచ్చు. రొమ్ము క్యాన్సర్ ముప్పు స్వల్పంగా పెరుగుతుందని 2024లో డెన్మార్క్ అధ్యయనం చూపింది, అయిదేళ్ల లోపు వాడినవారిలో 10,000 మందికి 14 కేసులు అదనం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఇది పనికిరాదు. రక్తస్రావానికి కారణం తెలియకుండా అమర్చకూడదు. 45 దాటినవారికి లోపలి పొర ముక్క తీసి పరీక్షించాకే ఏదైనా. పెద్ద గడ్డలు గర్భసంచి ఆకారాన్నే మార్చేస్తే ఇది నిలవదు, అప్పుడు శస్త్రచికిత్సే సరైనది కావచ్చు.

ఖరీదు వేలల్లో ఉంటుంది. కాపర్-టిలా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే వస్తువు కాదు. ఉచితంగా దొరికేవాటిలో నెలసరిని తగ్గించే రెంటిని ఇక్కడ చెప్పుకోవాలి. మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ ఒకటి. ఏడాది వాడితే దాదాపు సగం మందికి నెలసరి ఆగుతుంది, అయితే మానేశాక గర్భం రావడానికి నెలలు పడుతుంది, ఎముకల సాంద్రత కొంత తగ్గుతుంది. రెండోది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్ బృందం కనిపెట్టిన ఛాయా మాత్ర. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తరవాత వారానికొకటి. కొందరిలో నెలసరి ఆలస్యమవుతుంది, రక్తం తగ్గుతుంది.

శస్త్రచికిత్సకూ దాని తరవాతి మందులకూ ఖర్చుపెట్టే ప్రభుత్వాలు ఈ చిన్న టిని జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా ఉంచాలి. తెలుగు రాష్ట్రాలకైతే ఇది మరీ అత్యవసరం. ఈలోగా మీకో, మీ అక్కకో, వదినకో గర్భసంచి తీయించుకోమని ఎవరైనా చెబితే వెంటనే సంతకం పెట్టకండి. స్కానింగులో ఏముందో, లోపలి పొర పరీక్ష చేశారో లేదో, హార్మోన్ లూప్ ఎందుకు వద్దంటున్నారో అడగండి. సరైన జవాబు రాకపోతే తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, మీకు దగ్గరలోని మరో పెద్దాసుపత్రిలోనో గైనకాలజిస్టుకు చూపించుకుని రెండో అభిప్రాయం తీసుకోండి.