సూది మందు కాదు, సూదితో వైద్యం



"మోకాళ్ళ నొప్పులకు సూదులు గుచ్చి నయం చేస్తారంట గదా, పోవచ్చునా?" అని కమలాపురం, ఎర్రగుంట్ల వైపు నుండి వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. శనగ చేలలో వంగి పనిచేసే తల్లులు, నాపరాళ్ళు మోసే కూలీలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల ముందు గంటల తరబడి కూర్చునే నేతన్నలు నడుము నొప్పితో బాధపడటం మనకు కొత్త కాదు. అందుకే ఈ వైద్యం గురించి వివరిస్తున్నాము.

ఆక్యుపంక్చర్ అంటే ఏమిటి?

ఇది చైనాలో రెండు వేల సంవత్సరాలకు పైగా ఉన్న పద్ధతి. వెంట్రుక వంటి సన్నని సూదులను శరీరంలో కొన్ని నిర్ణీత స్థానాలలో గుచ్చి, 15 నుండి 30 నిమిషాలు ఉంచి తీసివేస్తారు. సూదిలో మందు ఉండదు. 'చీ' అనే ప్రాణశక్తి సరిగా ప్రవహించడానికి ఇలా చేస్తారని పూర్వపు వైద్యులు నమ్మారు. నరాలు ప్రేరేపించబడి, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు శరీరంలోనే విడుదలవుతాయని నేటి వైద్యులు వివరిస్తారు. "ఇది పూజల వంటిదా?" అని సంఘస్థులు కొందరు సందేహిస్తారు. సూది గుచ్చడంలో మంత్రము గానీ పూజ గానీ లేదు.

1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు డాక్టర్ బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. కోట్నిస్ 1942లో అక్కడే మరణించారు. బసు 1950లలో మళ్ళీ వెళ్ళి ఈ విద్య నేర్చుకొని కలకత్తాలో వ్యాప్తి చేశారు.

దేనికి మేలు? దేనికి కాదు?

దీర్ఘకాలపు నడుము నొప్పి, మోకాళ్ళ అరుగుదల నొప్పి, పార్శ్వపు తలనొప్పి, క్యాన్సర్ మందుల వలన కలిగే వికారము - వీటిలో కొందరికి ఉపశమనం కలుగుతుంది. అయితే ఉత్తుత్తి సూదులతో పోల్చి చూసిన పరిశోధనలలో తేడా తక్కువగానే కనబడింది. అరిగిన కీలు తిరిగి పెరగదు. క్షయ, షుగరు, రక్తపోటు, క్యాన్సర్ దీనితో నయం కావు. సూదులు మొదలుపెట్టామని టీబీ మాత్రలు, ఇన్సులిన్ మానినవారికి ప్రాణాపాయం కలుగుతుంది. గుండెనొప్పి, పక్షవాతం, పాముకాటు అయితే క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

సూది పట్టేవారికి ఏ శిక్షణ ఉండాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టరు కాని వ్యక్తి 2,500 గంటలు నేర్చుకోవాలి. అందులో కనీసం 1,000 గంటలు రోగుల మధ్య ప్రత్యక్ష శిక్షణ ఉండాలి. డాక్టర్లు తమ వైద్యానికి తోడుగా వాడుకోవాలన్నా కనీసం 200 గంటలు నేర్చుకోవాలి. స్థానాలను కంఠస్థం చేస్తే చాలదు. చర్మం క్రింద ఊపిరితిత్తి ఎక్కడ ఉందో, రక్తనాళం ఎక్కడ ఉందో తెలియాలి. ఛాతీపై లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడవచ్చు.

మన దేశంలో పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికి చట్టం చేసింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో దీనిని చికిత్సా విధానంగా అనుమతించి, రిజిస్టరైన వైద్యులు లేదా తగిన శిక్షణ పొందినవారే చేయాలని చెప్పింది. 2019లో వైద్య పద్ధతిగా గుర్తించింది. కొద్ది రోజుల తరగతులకు వెళ్ళి తెచ్చుకున్న సర్టిఫికెట్టు గోడకు ఉన్నంత మాత్రాన శిక్షణ పొందినట్లు కాదు.

వెళ్ళే ముందు అడగండి

1. ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారు?
2. ప్రతి రోగికి కొత్త సూది, మీ కళ్ళ ముందే కవరు చింపి తీస్తారా? వాడిన సూదితో హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. సోకవచ్చు.
3. మీరు గర్భిణి అయినా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పారా?
4. "డాక్టరు మందులు మానేయండి" అంటున్నారా? అలా అన్నచోట సూది వేయించుకోకండి.

సూదులు వేయించుకుంటున్నామని మాకు చెప్పడానికి సంకోచించవద్దు. మేము కోప్పడము. మీరు వాడే ప్రతి వైద్యం మాకు తెలిస్తేనే మీకు సరైన సలహా ఇవ్వగలము.