చక్రాల మీద ఇల్లు... టైరు పేలితే?

అమెరికాలో వేసవి సెలవులొస్తే చాలా కుటుంబాలు ట్రావెల్ ట్రెయిలర్ కట్టుకుని బయల్దేరతాయి. వంటిల్లు, పడకలు, బాత్రూము అన్నీ ఉన్న చిన్న ఇంటిని బండి వెనక తగిలించుకుని ఊళ్లు చుట్టేస్తాయి. బాగానే ఉంది కానీ, ఆ ఇంటిని మోసే టైరు నడిరోడ్డు మీద పేలితే? విరిగినవీ చిరిగినవీ ఎలా బాగుచేసుకోవాలి? అక్కావాళ్లతో వెళ్లి కళ్లారా చూసొచ్చిన అనుభవమిది.

టైరు పేలితే బాంబు పేలినట్టు వినపడుతుందనుకుంటాం. మాకు అలాంటి చప్పుడేదీ వినపడలేదు.

2023 జూన్. డాలస్ నుంచి కార్ల్స్‌బాడ్ గుహలు చూడ్డానికి బయల్దేరాం. బావగారి పికప్ ట్రక్కులో బావగారు, అక్క, పిల్లలిద్దరు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మ, నేను. వెనక ఇరవై నాలుగడుగుల ట్రెయిలరు. అబిలీన్ దాటాం. స్వీట్‌వాటర్ దగ్గర పడేసరికి రోడ్డుకి రెండు పక్కలా కనుచూపు మేర గాలిమరలే. బయట ఎండ 38 డిగ్రీలు దాటింది. పిల్లలు పోటీలు పడి గాలిమరలు లెక్కపెడుతున్నారు. ఉన్నట్టుండి చిన్నాడు, ''నాన్నా, మన ఇంటి కింద నుంచి నల్లగా ఏదో ఎగురుతోంది'' అన్నాడు.

బావగారు పక్క అద్దంలో చూశారు. కుడివైపు టైరు చీలికలు పేలికలై గాల్లోకి లేస్తోంది. చిన్న కుదుపు. వెనక ట్రెయిలరు ఒకపక్కకి లాగింది. ''బ్రేకేయండి, బ్రేకేయండి!'' అని అక్క అరుస్తోంది. ఆయన మాత్రం వేయలేదు.

అదే మమ్మల్ని కాపాడింది.

బ్రేకు జోలికి వెళ్లొద్దు!

ఏదైనా జరగ్గానే కాలు బ్రేకు మీదికి పోవడం మనందరికీ అలవాటు. టైరు పేలినప్పుడు మాత్రం అదే ప్రమాదం. గాలి పోయిన చక్రం అప్పటికే బండిని ఒకవైపు లాగుతుంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందున్న ట్రక్కు ఆగుతుంది గానీ టన్నుల బరువున్న ట్రెయిలరు వెనక నుంచి తోసేస్తుంది. రెండూ కత్తెరలా మడత పడిపోవచ్చు.

స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. బండిని నేరుగా పోనివ్వాలి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీస్తే వేగం దానంతటదే తగ్గుతుంది. అప్పుడు ఇండికేటరు వేసి రోడ్డు పక్కకి తీసుకోవాలి. సమతలంగా, గట్టిగా ఉన్న చోటు దొరికేదాకా నిదానంగా వెళ్లినా ఫరవాలేదు. చక్రం పాడవుతుందని వంపులోనో, వంతెన మీదో ఆపేయకూడదు.

మరి చప్పుడెందుకు వినపడలేదు? ఇలాంటి ట్రెయిలర్లకు సాధారణంగా రెండు ఇరుసులుంటాయి. ఒక్కోవైపు రెండేసి చక్రాలు. ఒకటి పోతే పక్కది బరువు మోసేస్తుంది. నడిపేవాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు. మరి ట్రక్కులో టైరు గాలి చూపించే మీటరుంది కదా అనొచ్చు. అది ట్రక్కు టైర్ల సంగతే చెబుతుంది. 2000లో ఫైర్‌స్టోన్ కంపెనీ ట్రెడ్డు ఊడిపోతోందని సుమారు 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకున్నాక అమెరికా కొత్త చట్టం చేసింది. దాని ఫలితంగానే 2008 మోడల్ నుంచి కార్లకు ఆ మీటరు తప్పనిసరైంది. ట్రెయిలర్లకు ఆ నిబంధన లేదు. కావాలంటే మనమే విడిగా కొని బిగించుకోవాలి.

స్టెప్నీ మార్చాలంటే...

పేలింది కుడివైపు టైరు కావడం మా అదృష్టం. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డుకి అవతలివైపు నిలబడి పని చేసుకోవచ్చు. రోడ్డువైపు టైరైతే మాత్రం హీరోయిజం వద్దు. రోడ్డు మీద సాయం చేసే సర్వీసుకు ఫోన్ చేయడమే మేలు.

ముందు మమ్మల్నందరినీ ట్రక్కు దింపి, రోడ్డుకి దూరంగా నిలబెట్టారు బావగారు. ట్రెయిలరుని ట్రక్కు నుంచి విడదీయలేదు. అవతలివైపు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టారు. చక్రం నేల మీదుండగానే నట్లు కాస్త వదులు చేశారు. గాల్లోకి లేపాక వదులు చేద్దామంటే చక్రం తిరిగిపోతుంది. పక్కనున్న మంచి చక్రాన్ని మందపాటి చెక్కల మీదికి ఎక్కించేసరికి పేలిన చక్రం నేల నుంచి పైకి లేచింది. జాకీ వాడితే కంపెనీ చెప్పిన చోటే పెట్టాలి. ఇరుసు కింద పెడితే అది వంగిపోవచ్చు. ట్రెయిలరు నాలుగు మూలలా ఉండే కాళ్లు కదలకుండా నిలబెట్టడానికే. వాటితో బండిని లేపకూడదు.

నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. ఎంత బలంతో బిగించాలో పుస్తకంలో ఉంటుంది. దానికి టార్క్ రెంచి కావాలి. 80 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూసుకోవాలి. కొత్తగా బిగించిన నట్లు వదులయ్యే అవకాశముంది.

టైరుతో పోయేది కాదు

''హమ్మయ్య, అయిపోయిందిగా'' అంది అమ్మ. అసలు పని అప్పుడే మొదలైంది.

ఊడిన ట్రెడ్డు ముక్కలో ఉక్కు తీగలుంటాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ అది కొరడాలా ట్రెయిలరు అడుగుని కొడుతుంది. ఆ అడుగునే గ్యాసు పైపు, బ్రేకు తీగలు, మురుగు నీటి గొట్టాలు వెళ్తుంటాయి. అందుకే బావగారు కిందికి వంగేముందు గ్యాసు సిలిండర్లు కట్టేశారు. వాసన వస్తోందేమో చూశారు. గ్యాసు పైపుకి ఏమీ కాలేదు. మిగిలినవన్నీ దెబ్బతిన్నాయి. చక్రం పైనున్న మడ్‌గార్డు సగం ఊడి వేలాడుతోంది. బ్రేకు తీగలు తెగాయి. మురుగు గొట్టం చిట్లింది. చక్రం మీది ప్లాస్టిక్ కప్పుకి అరచెయ్యి పట్టే చిల్లు పడింది. ఆ పైనే వంటింటి అలమర. తలుపు తీస్తే ఆవకాయ జాడీ పగిలి, అడుగు చెక్కంతా ఎర్రనూనె!

బాగుచేసుకోవడానికీ ఒక వరస ఉంది. ముందు అన్నిటికీ ఫోటోలు తీయాలి, బీమా వాళ్లకు చూపించాలి కదా. పేలిన టైరు ఖర్చు సాధారణంగా మనదే. అది ఇంటికి చేసిన నష్టానికి డబ్బులొస్తాయా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. వేలాడే రేకులు కోసేయాలి, లేదా కట్టేయాలి. బ్రేకు తీగలను మెలిపెట్టి టేపు చుడితే సరిపోదు. నీళ్లు చొరకుండా గట్టి అతుకు వేయాలి. మా ట్రెయిలరుకి స్వీట్‌వాటర్ వెళ్లాక ఆ పనే ముందు చేయించారు.

నిర్లక్ష్యం చేయకూడనిది చక్రం పైన పడిన చిల్లు. దాన్ని అలా వదిలేస్తే వాన నీళ్లు లోపలికి చేరతాయి. పలచటి చెక్క నేల నాని, కొన్నాళ్లకు కాలు పెడితే దిగిపోతుంది. ఫైబర్ గోడలైతే పొరలు విడిపోయి ఉబ్బుతాయి. అందుకే నానిన చెక్క పూర్తిగా ఆరాక, లేదంటే మార్చాక, చిల్లు మీద లోహపు రేకు బిగించి అంచులకు సీలెంటు పట్టించాలి. మళ్లీ ఎప్పుడైనా టైరు పేలినా దెబ్బ ముందు ఆ రేకు మీదే పడుతుంది.

తప్పెక్కడ జరిగింది?

''టైరు కొత్తదానిలా ఉంది కదా!'' బావగారు పదేపదే అన్న మాట అదే. నిజమే, గాడులు లోతుగా ఉన్నాయి. కానీ టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే అంకెల్లో చివరి నాలుగు 1415. అంటే 2015లో 14వ వారం తయారైంది. వయసు ఎనిమిదేళ్లు! ట్రెయిలరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది. గాడులు అరగవు. రబ్బరు మాత్రం లోలోపలే ముసలిదైపోతుంది. అందుకే ట్రెయిలరు టైర్లను అయిదారేళ్లకే మార్చేయడం మంచిదంటారు.

దీనికి వేగం తోడైంది. ట్రెయిలరు టైర్ల మీద వేగం తెలిపే అక్షరం లేకపోతే గంటకు 65 మైళ్లే హద్దనుకోవాలి. రోడ్డు మీద బోర్డు 75 అంది కదా అని మేం 72లో వెళ్తున్నాం. ఇక బరువు... ''ఊరుగాని ఊరు, నీళ్లు దొరుకుతాయో లేదో'' అని అమ్మ ట్యాంకు నిండా నీళ్లు పట్టించింది. 40 గ్యాలన్లంటే దాదాపు 150 కిలోలు. ఎండ, వేగం, బరువు, వయసు... నాలుగూ కలిసి చేసేది ఒకటే, టైరులో వేడి పెంచడం. గాలి తక్కువైతే టైరు గోడలు మరింతగా వంగి ఆ వేడి ఇంకా పెరుగుతుంది. పేలేది ఒక్క క్షణంలోనే. ఆ క్షణం కోసం టైరు నెలల తరబడి సిద్ధమవుతూ ఉంటుంది.

బయల్దేరే ముందు...

* టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ట్రెయిలరు టైర్లకు రకాన్ని బట్టి 50, 65, 80 పీఎస్ఐ వరకు పడుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయకూడదు.
* తయారీ తేదీ ఒక్కోసారి టైరు లోపలివైపు ఉంటుంది. వంగి చూడాల్సిందే.
* సామానంతా సర్దాక ట్రక్కులు తూచే కాటా మీద ఒకసారి తూయించాలి.
* స్టెప్నీ వయసు కూడా చూడాలి. దానికీ వృద్ధాప్యం వస్తుంది!
* ఒక టైరు పేలితే దాని బరువు మోసిన పక్క టైరునీ అనుమానించాలి.

స్వీట్‌వాటర్‌లో మిగిలిన టైర్లన్నీ మార్పించేదాకా బావగారు ముందుకు కదల్లేదు. ఒకరోజు ఆలస్యంగానైనా గుహలు చూశాం. ట్యాంకు మాత్రం సగమే నింపాం, అమ్మ కూడా కాదనలేదు.

గుంటూరు వచ్చాక ఇంటి ముందున్న నాన్న కారు దగ్గర కూర్చుని టైర్లు చూశాను. మన టైర్ల మీదా అవే నాలుగంకెలు ఉంటాయి. 3114. అంటే 2014లో తయారైంది. నెలకోసారి గుడికి, పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయని కారది. ఎండాకాలంలో అదే కారులో అందరం హైదరాబాద్ వెళ్లొస్తుంటాం.

నాన్న వంగి చూసి, ''టైరు కొత్తదానిలా ఉంది కదమ్మా'' అన్నారు.

ఆ మర్నాడే నాలుగూ మార్పించాం.