విదేశీ విశ్వవిద్యాలయంలో పీజీ: దరఖాస్తుకు ముందు వేసుకోవలసిన లెక్కలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మీ డిగ్రీ ఒక విదేశీ కోర్సుకు సరిపోతుందో లేదో ప్రాథమికంగా అంచనా వేయగలుగుతారు.
• మీ మార్కులను జర్మన్ గ్రేడులోకి మార్చగలుగుతారు.
• తరగతులు మొదలయ్యే నెల నుంచి వెనక్కి లెక్కించి, పనుల పట్టిక తయారుచేసుకోగలుగుతారు.
• మొదటి సంవత్సరానికి కావలసిన డబ్బును లెక్కగట్టగలుగుతారు.

1. పరిచయం

నేను అధ్యయన కేంద్రంలో కౌన్సిలింగ్ తరగతులు నిర్వహించే రోజుల్లో, బి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థి ఒకతను ఆదివారం తరగతి అయిపోయాక ఆగి, "సార్, పై చదువుకు ఏ దేశం మంచిది?" అని అడిగాడు. అతను హార్డ్‌వేర్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తూ చదువుకొంటున్నాడు. వాళ్ల నాన్న అప్పటికే వడ్డీకి డబ్బు తెచ్చి ఒక ఏజెంటుకు అడ్వాన్సు కట్టారు. జర్మనీలో అర్థశాస్త్రం పీజీకి దరఖాస్తు పెట్టారు. కొన్ని నెలలకు తిరస్కరణ వచ్చింది. మార్కులు తక్కువై కాదు, దూరవిద్య డిగ్రీ అనీ కాదు. డిగ్రీలో అర్థశాస్త్రం పాలు చాలలేదన్నది కారణం. ఆ సంగతి కోర్సు నిబంధనల్లో ముందే ఉంది. ఏజెంటు చూడలేదు, ఇతనూ చదవలేదు.

అందువల్ల "ఏ దేశం?" అన్నది మొదటి ప్రశ్న కాదు. "నా డిగ్రీలో ఏముంది?" అన్నది మొదటి ప్రశ్న. ఈ భాగంలో జర్మనీని ఉదాహరణగా తీసుకొని ఆ లెక్కలు ఎలా వేయాలో తెలుసుకొందాం. వేరే దేశానికి వెళ్లదలచినవారికి అంకెలు మారతాయి, పద్ధతి ఇదే.

2. మీ డిగ్రీని పరిశీలించడం

2.1 గుర్తింపు: యూజీసీ గుర్తింపు ఉన్న సార్వత్రిక, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని మన దేశంలో నిబంధన ఉంది. అయితే విదేశీ విశ్వవిద్యాలయాన్ని ఆ నిబంధన కట్టడి చేయదు. ప్రవేశం ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం దానిదే. జర్మనీలో ‘అనాబిన్’ అనే అధికారిక సమాచార నిధి ఉంది. అందులో మీ విశ్వవిద్యాలయం పేరు పక్కన ‘హెచ్ ప్లస్’ గుర్తు ఉంటే ఆ సంస్థకు గుర్తింపు ఉన్నట్లు. ఆ తరువాత, మీ డిగ్రీ దూరవిద్య ద్వారా వచ్చిందని స్పష్టంగా చెప్పి, మీరు ఎంచుకొన్న విశ్వవిద్యాలయం ప్రవేశాల విభాగానికి ఈ-మెయిల్ రాయండి. వచ్చిన జవాబును భద్రపరచండి. డబ్బు కట్టడానికి ముందే ఈ పని పూర్తి కావాలి.

2.2 కాలవ్యవధి: జర్మనీలో బ్యాచిలర్ డిగ్రీ సాధారణంగా మూడేళ్లదే. అమెరికాలో అది నాలుగేళ్లు. అందుకే మన మూడేళ్ల డిగ్రీని అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు నేరుగా అంగీకరించవు. దేశం ఎంపికలో ఇదొక ముఖ్యమైన అంశం.

2.3 సబ్జెక్టు పాలు: జర్మనీలో ఎక్కువ పీజీ కోర్సులు డిగ్రీలో చదివిన సబ్జెక్టుకు కొనసాగింపుగా ఉంటాయి. ఐరోపా క్రెడిట్ విధానం ప్రకారం ఏడాది చదువుకు 60 క్రెడిట్లు, మూడేళ్లకు 180 క్రెడిట్లు. మన బి.ఏ.లో భాషలు, ఫౌండేషన్ కోర్సులు, మూడు ఐచ్ఛికాలు ఉంటాయి. ఉదాహరణకు భాషలు, ఫౌండేషన్ కోర్సులకు నాలుగో వంతు, అంటే 45 క్రెడిట్లు పోయాయనుకొందాం. మిగిలిన 135ను మూడు ఐచ్ఛికాలకు సమానంగా పంచితే అర్థశాస్త్రానికి వచ్చేవి 45 క్రెడిట్లు మాత్రమే. కోర్సు నిబంధనల్లో అర్థశాస్త్రంలో 60 క్రెడిట్లు ఉండాలని రాసి ఉంటే ఆ దరఖాస్తు నిలవదు. పైన చెప్పిన విద్యార్థి విషయంలో జరిగింది ఇదే.

దీనికి దారి లేకపోలేదు. అతను ఇక్కడే దూరవిద్యలో ఎం.ఏ. అర్థశాస్త్రం పూర్తిచేసి మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి ప్రవేశం దొరికింది. కాని మొదటిసారి తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం వాళ్ల నాన్న ఆ రెండేళ్లూ కడుతూనే ఉన్నారు.

2.4 బోధనా మాధ్యమం: ఇంగ్లీషు మీడియంలో చదివినట్లు ధ్రువపత్రం చూపితే కొన్ని విశ్వవిద్యాలయాలు భాషా పరీక్ష అడగవు. తెలుగు మాధ్యమం వారికి ఆ వెసులుబాటు లేదు. ఇంగ్లీషులో బోధించే కోర్సులకు ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలో తరచుగా 6.0 లేదా 6.5 స్కోరు అడుగుతారు. ఆ స్కోరు రెండేళ్లపాటు చెల్లుతుంది. దీనికి కనీసం ఆరు నెలల సాధన అవసరమని ముందే అనుకోండి. మీ పాఠ్యప్రణాళిక ఇంగ్లీషు ప్రతిని కూడా విశ్వవిద్యాలయం నుంచి తీసుకోండి.

3. మార్కుల మార్పిడి

జర్మనీలో 1.0 అత్యుత్తమ గ్రేడు, 4.0 కనీస ఉత్తీర్ణత. మన మార్కులను మార్చడానికి ఈ సూత్రం వాడతారు:

జర్మన్ గ్రేడు = 1 + 3 × (గరిష్ఠ మార్కులు – మీ మార్కులు) ÷ (గరిష్ఠ మార్కులు – ఉత్తీర్ణత మార్కులు)

ఉదాహరణ: గరిష్ఠం 100, ఉత్తీర్ణత 35, మీకు వచ్చినవి 65 శాతం అనుకొందాం. అప్పుడు 1 + 3 × 35 ÷ 65 = 2.6. కోర్సుకు 2.5 లేదా అంతకన్నా మెరుగైన గ్రేడు కావాలంటే మీకు 67.5 శాతం ఉండాలి. ప్రథమ శ్రేణి వచ్చింది కదా అని ఊరుకోకుండా ఈ లెక్క వేసి చూసుకోండి. మీరింకా రెండో సంవత్సరంలో ఉంటే, మిగిలిన పేపర్లలో ఎన్ని మార్కులు తెచ్చుకోవాలో కూడా దీనివల్ల తెలుస్తుంది.

4. పనుల పట్టిక: చివరి నుంచి మొదటికి

జర్మనీలో శీతాకాల సెమిస్టరు తరగతులు అక్టోబరులో మొదలవుతాయి. అక్కడి నుంచి వెనక్కి రండి.

• జూన్–ఆగస్టు: వీసా దరఖాస్తు, ప్రయాణ ఏర్పాట్లు.
• జనవరి–జులై: ప్రవేశ దరఖాస్తులు. చాలాచోట్ల జులై 15 చివరి తేదీ. విదేశీ విద్యార్థులు ఎక్కువగా చేరే కోర్సులకు గడువు ఇంకా ముందే ముగియవచ్చు. వీసాకు పట్టే సమయం దృష్ట్యా జులై దాకా ఆగడం మంచిది కాదు. అనేక విశ్వవిద్యాలయాల తరఫున ‘యూని-అసిస్ట్’ అనే సంస్థ దరఖాస్తులు పరిశీలిస్తుంది. మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, అదే సెమిస్టరులో ఆపై ఒక్కోదానికి 30 యూరోలు రుసుము.
• అంతకుముందు సెప్టెంబరు–డిసెంబరు: ఐఈఎల్‌టీఎస్ పరీక్ష, ఏపీఎస్ ధ్రువపత్రం. మీ విద్యాపత్రాలు నిజమైనవేనని తెలిపే ఈ ఏపీఎస్ పత్రాన్ని 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు తప్పనిసరి చేశారు. రుసుము రూ.18,000.
• అంతకుముందు మే–ఆగస్టు: మార్కుల జాబితాలు, పట్టా, పాస్‌పోర్టు.

అంటే దాదాపు పదిహేడు నెలల ముందు మొదలుపెట్టాలన్నమాట. పాస్‌పోర్టు దగ్గర మనవాళ్లకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. అన్ని పత్రాల్లో పేరు ఒకేలా ఉందో లేదో మొదటి నెలలోనే సరిచూసుకోండి.

5. డబ్బు లెక్క

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు ఫీజు ఉంది. "ఫీజు లేదు" అంటే "ఖర్చు లేదు" అని అర్థం కాదు. వీసా కోసం ఏడాది జీవన వ్యయాన్ని ‘బ్లాక్డ్ అకౌంట్’లో ముందే జమచేసి చూపడం సాధారణ పద్ధతి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకొంటే రూ.11,90,400. అది మీ డబ్బే. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీరు తీసుకోవచ్చు. రెండో ఏడాది నివాస అనుమతి పొడిగింపుకు మళ్లీ ఆర్థిక స్తోమత చూపాలి. ఏడాదికి 140 పూర్తి దినాలు పనిచేయడానికి విద్యార్థులకు అనుమతి ఉంది. కాని పని వెంటనే దొరుకుతుందన్న నమ్మకం మీద అప్పు చేయకండి.

బ్యాంకు రుణం రూ.7.5 లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు. పొలాన్ని నమ్ముకొని ప్రణాళిక వేసుకొన్నవారు ముందే బ్యాంకులో విచారించాలి. తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వంటి పథకాలకు కులం, ఆదాయం, వయసు, మార్కుల అర్హతలు ఉంటాయి. ఆ సంవత్సరపు ప్రకటన చదివి నిర్ధారించుకోండి.

6. సారాంశం

ముందు డిగ్రీ, తరువాత మార్కులు, ఆపైన కాలం, చివరగా డబ్బు: ఈ నాలుగు లెక్కలూ కాగితం మీద తేలిన తరువాతే రుసుములు కట్టాలి. ఏజెంటు సాయం తీసుకోవడం తప్పు కాదు. మీరు చదవని నిబంధన మీద ఆయన మాట నమ్మి డబ్బు కట్టడం తప్పు. ఒక లెక్క తప్పితే ఆ దారి మూసుకుపోయిందని కాదు. ఏడాది ఆగి, కొరతను ఇక్కడే పూరించుకోవడం కూడా ప్రణాళికలో భాగమే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. మీ డిగ్రీలోని ప్రతి ఐచ్ఛికానికి 180 క్రెడిట్లలో ఎంత పాలు వస్తుందో లెక్కించండి.
2. ఉత్తీర్ణత 40, మీకు వచ్చినవి 65 శాతం అయితే జర్మన్ గ్రేడు ఎంత? (జవాబు: 2.75)
3. వచ్చే సంవత్సరం అక్టోబరులో చేరాలంటే ఈ నెలలో మీరు చేయవలసిన పని ఏది?