దీపపుపెట్టెమీది యంకెలు



అర్థ మెఱుగని పదమును వాడరాదని నలువదేండ్లు పిల్లలకు బోధించితిని. అట్టి నేనే ‘వాట్’ అను పదము విషయమున పొరబడి, ఒక రాత్రి ఒక మందుబిళ్లకు బదులు మఱియొకటి మ్రింగబోయితిని.

గత వర్షకాలమున సంతలో ఒక ఎల్.ఇ.డి. దీపమును కొంటిని. ఇది 12 వాట్లు, కావున 9 వాట్ల దానికంటె వెలుగు హెచ్చని వర్తకుడు చెప్పెను. వెల చాల తక్కువ. పెట్టెమీద వాట్ల సంఖ్య తప్ప మఱేమియు లేదు. నాకు రాత్రిపూట రెండు మాత్రలు: భోజనమునకు ముందు ఎఱ్ఱనిది, పరుండునపుడు గోధుమవన్నెది. ఆ దీపము క్రింద రెండును ఒకే వన్నెగా కనబడెను. మా యింటి యిల్లాలు “ఏమండీ, అది కాదు” అని చేయి పట్టుకొనకున్నచో తప్పుమాత్ర లోపలికి పోయెడిదే. భరిణెలోని కుంకుమ ఇటుకపొడివలె నున్నదని ఆమె అంతకు ముందే రెండు మాఱులు చెప్పియుండెను. నేను పెడచెవిని పెట్టితిని.

వాట్ అనునది వెలుగునకు కొలత కాదు, దీపము తినెడి విద్యుత్తునకు కొలత. ఎద్దు ఎంత మేత మేసినదో చెప్పినంతమాత్రమున ఎంత చేను దున్నినదో తెలియునా? పాత తీగెబల్బుల కాలమున ఈ పొరపాటు చెల్లినది. అవన్నియు ఇంచుమించు ఒకే తీరున పనిచేసెడివి గనుక, 60 వాట్లనగా ఇంత వెలుగని మన కంటికి అలవాటయ్యెను.

వెలుగునకు కొలత ల్యూమెన్. ఒక క్రొవ్వొత్తి అన్ని దిక్కులకును కలిపి సుమారు 12 ల్యూమెన్ల వెలుగు నిచ్చును. 60 వాట్ల పాత బల్బు సుమారు 700 ఇచ్చెడిది. నేటి మేలైన 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము 900 వఱకు ఇచ్చును. ల్యూమెన్లను వాట్లతో భాగించినచో దీపము యొక్క పనితనము తెలియును: పాతదానికి 12కు లోపల, క్రొత్తదానికి 100. దినమునకు 5 గంటలు వెలిగించినచో పాతది నెలకు 9 యూనిట్లు తినును, క్రొత్తది యూనిట్టున్నరయైన తినదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ వారి నక్షత్రముల చీటీ చూపునది ఈ భాగహారమునే.

ల్యూమెన్లు దీపమునుండి బయలుదేరు వెలుగు. పుస్తకముమీద పడు వెలుగునకు కొలత లక్స్. చదరపు మీటరుమీద ఒక ల్యూమెన్ పడినచో ఒక లక్స్. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవవంతగును. కావున చదువుకొనుటకు కప్పున వ్రేలాడు పెద్దదీపముకంటె భుజము వెనుకనున్న చిన్నదీపము మేలు. మనవంటివారి కిది ముఖ్యము. వయసుతో కంటిపాప చిన్నదగును, లోని కటకము పసుపెక్కును. అఱువదేండ్లవాని కంటి లోపలి తెరకు, ఇరువదేండ్లవానికి చేరు వెలుగులో ఇంచుమించు మూడవవంతు మాత్రమే చేరునందురు. మనుమడు చాలునన్న వెలుగు తాతకు చాలకపోవుట చాదస్తము కాదు.

పెట్టెమీద 2700 కె, 6500 కె అని యుండును. ఆ ‘కె’ కెల్విన్. కమ్మరి కొలిమిలో ఇనుము వేడెక్కినకొలది ఎఱ్ఱనై, పసుపై, తెల్లబడుట మీరు చూచినదే. ఆ వన్నెలను వేడిమితో పోల్చి చెప్పు సంఖ్య ఇది. 2700 అనగా పాత బల్బువంటి పసుపు వెలుగు, 6500 అనగా నీలిఛాయగల తెలుపు. సంఖ్య పెరిగిన వెలుగు పెరుగదు. చిత్రమేమన, హెచ్చు వేడిమి సంఖ్య గలదానినే దుకాణములలో ‘కూల్’ అందురు! పడకగదిలో 2700 మేలు, నీలి వెలుగు నిద్రను ఆలస్యపఱచును.

ఇక నా మాత్రల సంగతి. రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపు శక్తికి సి.ఆర్.ఐ. అని పేరు. సూర్యకాంతికి 100. ఇంటిదీపమునకు 80కి తగ్గరాదు, 90 యున్నచో మేలు. తెల్లని ఎల్.ఇ.డి. దీపమున లోపల వెలుగునది నిజమునకు నీలికాంతి. ఆ నీలికాంతి దీపమును కనిపెట్టినందుకే అకసాకి, అమనో, నకమురా అను ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. దానిమీద పసుపు వెలుగునిచ్చు పూత పూయుదురు. నీలి, పసుపు కలిసి కంటికి తెల్లగా తోచును గాని, చవుకదీపముల వెలుగులో ఎఱుపు చాల తక్కువ. కుంకుమ ఎఱ్ఱగా కనబడుట తనమీద పడిన ఎఱుపును తిరిగి పంపుట చేతనే. పడని ఎఱుపును అది ఎక్కడనుండి తెచ్చును?

ఇందులో నింకొక కిటుకు కలదు. సి.ఆర్.ఐ. అనునది ఎనిమిది లేతరంగుల సగటు. ముదురెఱుపు ఆ ఎనిమిదింటిలో లేదు. దానిని ఆర్-9 అని వేఱుగా కొలుతురు. తొమ్మిదవ పాఠమున పిల్లవాడు సున్న తెచ్చుకొన్నను ఎనిమిదింటి సగటుతో ఉత్తీర్ణు డైనట్లే! కావున 80 అని యున్న దీపమైనను, కొనకముందు దాని క్రింద కొంచెము కుంకుమ నుంచి చూడుడు, అదే కుంకుమను వెంటనే వీధిలో ఎండకు చూడుడు.

బి.ఐ.ఎస్. వారి గుర్తును, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదుసంఖ్యను వెదకుడు. ఐ.ఎస్. 16102 అను ప్రమాణమున మొదటి భాగము రక్షణను గూర్చినది, రెండవది పనితనమును గూర్చినది. ఆ గుర్తు ముఖ్యముగా రక్షణకు సాక్ష్యము, కుంకుమ రంగునకు కాదు. నా సంతదీపమునకు అదియు లేదు.

ఆయువు 25,000 గంటలని వ్రాయుదురు. దినమునకు 5 గంటల చొప్పున పదుమూడేండ్లకు పైమాట. ఆ గడువునకు దీపము ఆరిపోవునని కాదు, సాధారణముగా వెలుగు మొదటిదానిలో 70 వంతులకు దిగునని అర్థము. అయితే లోపలి విద్యుత్ పరికరము వేడికి తాళలేక చాల ముందే చెడుటయు కలదు. గాలి యాడని గాజుబుడ్డిలో బిగింపకుడు. కొన్న తేదీని దీపపు మొదట వ్రాసి, రసీదు దాచుకొనుడు.

ఇపుడు మా భోజనశాలలో 9 వాట్లు, 800 ల్యూమెన్లు, 2700 కెల్విన్లు, సి.ఆర్.ఐ. 90 గల దీపమున్నది. సంతదానికి మూడింతల వెల యయ్యెను. మాత్రల వన్నెలు చక్కగా వేఱుపడుచున్నవి. డబ్బా మాత్రము ఇల్లాలే దాచుచున్నది.